అవతలి ఊరివాడు కొట్టిన గంట

రెవెన్యూలో కొత్తగా చేరిన పిల్లలు నందిగామ వచ్చినప్పుడు మా ఇంటికి ఓసారి వచ్చి పోతుంటారు. కాఫీ తాగుతూ అందరూ ఒకటే అడుగుతారు: "మేడమ్, మీ సర్వీసులో అన్నిటికన్నా కష్టమైన పని ఏది?" మునేరు వరదలంటానేమో, ఎలక్షన్లంటానేమో అని చూస్తారు. నేను "వాగులో ఇనుము పోగేయించడం" అంటాను. వాళ్ళు మర్యాదకి ఓ నవ్వు నవ్వి ఫోను చూసుకుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే ఇది రాస్తున్నాను. ఫోనులోనే చదవండి, కాకపోతే చివరిదాకా చదవండి.

అప్పుడు నేను జగ్గయ్యపేట వైపు ఒక మండలానికి తహసీల్దారుని. రాష్ట్రం రెండు ముక్కలై కొన్నేళ్ళయింది. మండలం చివర ఒక వాగు ఉంది, అదే సరిహద్దు. ఇవతల మన ఊరు, అవతల తెలంగాణ ఊరు. పేర్లు రాయను. ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు, పండక్కీ పబ్బానికీ నాకు ఫోన్లు చేస్తారు. రెండు ఊళ్ళవాళ్ళూ వేసేది పత్తీ, మిర్చే. సరుకులకి వచ్చేది జగ్గయ్యపేటకే. పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు తాతల నాటి నుంచీ ఉన్నాయి కాబట్టి, తిట్టుకునేటప్పుడు కూడా బావా అనే తిట్టుకునేవాళ్ళు.

ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి. మిర్చి కాపు మీద ఉండగా వాగు సన్నబడింది. అవతలివాళ్ళు ఎగువన ఇసుక బస్తాలు పేర్చి అడ్డుకట్ట వేసుకున్నారు. ఇవతలివాళ్ళు వెళ్ళి ఆ బస్తాలు కోసి పారేశారు. వాళ్ళొచ్చి మన మోటార్ల పైపులు నరికారు. ఓ సాయంత్రం మన ఊరి చర్చి గంట మోగింది, జనం దిగారు, వాగులోనే కర్రలు లేచాయి. ఆ కొట్లాటలో అవతలి ఊరి యువకుడికి ఒక కన్ను పోయింది. కొట్టిందెవరో ఈ రోజుకీ ఎవరూ చెప్పలేదు.

ఆ మర్నాటి నుంచి రెండు ఒడ్డుల మీదా కాపలాలు మొదలయ్యాయి. గొడ్డళ్ళు, బరిసెలు, గడ్డపారలు, వేటకొడవళ్ళు, ఇంట్లో ఏది దొరికితే అది పట్టుకుని వంతులవారీగా కూర్చునేవాళ్ళు. మన ఊళ్ళో చర్చి గంట గబగబా మోగితే మగాళ్ళంతా వాగుకి పరిగెత్తాలని ఏర్పాటు. వాళ్ళకి రామాలయం మైకు. గేదె తాడు తెంపుకుని వాగు దాటినా గంట మోగేది, మైకు అరిచేది. మన పోలీసులు వాగు దాటకూడదు, వాళ్ళ పోలీసులు దాటకూడదు. కళ్ళాల్లో మిర్చి ఎండుతోంది. ఒక్క అగ్గిపుల్ల చాలు, రెండు ఊళ్ళ ఏడాది కష్టం బుగ్గి కావడానికి. ఆ దిగులుతో నాకు అన్నం సయించేది కాదు.

కలెక్టర్లు మాట్లాడుకున్నారు, ఎస్పీలు మాట్లాడుకున్నారు. చివరికి వచ్చి పని ఎవరి నెత్తిన పడింది? రెండు మండలాల తహసీల్దార్ల నెత్తిన. అవతలి మండలం తహసీల్దారు నెమ్మదైన మనిషి. మొదటిసారి ఫోనులోనే, "మేడం, మనిద్దరం ముందుగాల కొట్లాడుకోకుంటె సగం పని అయినట్టే" అన్నాడు. మేం కొట్లాడుకోలేదు. అంటే, ఎక్కువ కొట్లాడుకోలేదు.

చర్చలు ఎక్కడ పెట్టాలన్నది మొదటి తగాదా. వాళ్ళ ఊరికి మనం వెళ్ళం, మన ఊరికి వాళ్ళు రారు. సరే, వాగులోనే ఇసుక మీద షామియానా వేయించాం. నడిమధ్య సున్నంతో గీత గీయమని మా రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకి చెప్పాను. ఆయన రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి, చూపు ఆనదు, అయినా కళ్ళజోడు పెట్టుకోడు. గీత వంకరగా వెళ్ళి మన వైపుకి కాస్త ఎక్కువ ఇసుక కలిపేసింది. దాని మీద ఓ పూట వాదన. వాళ్ళ టీ మనవాళ్ళు తాగరు, మన టీ వాళ్ళు ముట్టరు. మా ఇన్‌స్పెక్టరే నందిగామ బస్టాండు నుంచి ఫ్లాస్కుల్లో టీ మోసుకొచ్చేవాడు. వచ్చేసరికి అది చల్లారి, పాచి వాసన వేసేది. రెండు ఊళ్ళూ ఏకమై తిట్టిన మొదటి విషయం ఆ టీయే.

మన కాపలా దండుకి పెద్ద ఒక తాపీ మేస్త్రి. చర్చి పక్క వీధి వాడు, నలభై ఏళ్ళుంటాయి. మాట తక్కువ. వాళ్ళ దండుకి పెద్ద ఒక లారీ డ్రైవరు. కన్ను పోయిన యువకుడు ఇతని తమ్ముడే. అందుకని అతను గీత దగ్గర కూర్చున్నంతసేపూ మన వరసలో ఒక్కొక్క మొహమే చూసేవాడు. ఎవరు కొట్టి ఉంటారని వెతికేవాడు. ఆ చూపు మేస్త్రి మీదే ఎక్కువసేపు ఆగేది. మేస్త్రి తల దించేవాడు కాదు. వాళ్ళిద్దరి మధ్య కూర్చుని నీళ్ళ వంతుల గురించి మాట్లాడ్డం ఎలా ఉంటుందో మీకు ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

నెల పైనే నానబెట్టి చివరికి ఒప్పందానికి వచ్చాం. అడ్డుకట్ట తీసేయాలి. మోటార్లు రోజు మార్చి రోజు. కన్ను పోయిన యువకుడి వైద్యం రెండు ప్రభుత్వాలూ చూడాలి. రెండు ఊళ్ళ దండులూ ఒకే రోజు వాగులోకి వచ్చి ఆయుధాలు కింద పెట్టాలి. ఆ పని పూర్తయ్యేదాకా ఇటు గంట మోగకూడదు, అటు మైకు పలక్కూడదు. ఇంతవరకూ బాగానే ఉంది. మా పై అధికారి ఏసీ గదిలో కూర్చుని ఇంకో ముక్క కలిపాడు: పిడి ఉన్న ఇనుము ఏదీ ఊళ్ళో మిగలకూడదు. "సార్, పారా పలుగూ లేకుండా రైతు ఎలా బతుకుతాడండి?" అన్నాను. "ఒక నెల్రోజులే కదమ్మా, తర్వాత తిరిగిచ్చేద్దాం" అన్నాడు. అమ్మా అంటే ఇక మాట్లాడొద్దని అర్థం.

ఒప్పందం కుదిరిన సాయంత్రం మేస్త్రి నా జీపు దగ్గరికొచ్చాడు.

"మేడమ్ గారూ, రేపు పొద్దున్నే కానిచ్చెయ్యండి. మా అమ్మకి అస్సలు బాగోలేదు. ఎక్కువసేపు వాగులో ఉండలేను."

"నువ్వు రాకపోతే ఏమవుద్దయ్యా? ఇంకొకళ్ళని పంపు."

"నేను రాకపోతే మావోళ్ళు ఒక్క కొడవలీ కింద పెట్టరండి" అన్నాడు. గొప్ప కోసం అన్న మాట కాదది, నిజమే.

మర్నాడు ఎండ ఎక్కకముందే రెండు దండులూ వాగులోకి దిగాయి. గీతకి అటొకరు ఇటొకరుగా రావాలి, ఇనుము పెట్టి వెనక్కి నడవాలి. రెండు వైపులా పోలీసులు, చేతులు ఖాళీగానే. మొదట వచ్చింది మన ఊరి రైతు ఒకాయన. మా ఎస్సై కొత్త కుర్రాడు, మంచివాడే, పట్నంలో పెరిగినవాడు. చెయ్యి చాపి "ఇలా ఇవ్వండి" అన్నాడు. ఆ రైతు గొడ్డలి ఇవ్వలేదు. వెనక్కి లాక్కున్నాడు. ఎస్సై అడుగు ముందుకేశాడు. అటువైపు డ్రైవరు బరిసె మీద పిడికిలి బిగించాడు.

"ఎస్సై గారూ, చెయ్యి తియ్యండి" అన్నాను. "ఇనుము చేతికివ్వరు. చేతికిస్తే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ గొడవలొస్తాయని పట్టింపు. మీ ఇంట్లో మీ అమ్మగారు కత్తిపీట చేతికిస్తారా? కింద పెడతారు. ఈయన్నీ పెట్టనివ్వండి."

ఎస్సై చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి తీశాడు. రైతు వంగి గొడ్డలిని ఇసుక మీద పెట్టి, లేచి దణ్ణం పెట్టి వెనక్కి నడిచాడు. అటు నుంచి ఒకడు బరిసె పెట్టాడు. అలా ఒకటి తర్వాత ఒకటి. ఇసుకలో ఇనుము పడే చప్పుడే. సగం దాకా సాఫీగా సాగింది.

అప్పుడు మేస్త్రి జేబులో ఫోను మోగింది. తీసి విన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, చేతిలోని గడ్డపార మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. నేను దగ్గరికి వెళ్ళాను.

"అమ్మ పోయిందండి."

"అయ్యో నాయనా" అన్నాను. "వెళ్ళు, నేను చూసుకుంటా" అన్నాను.

అతను కదల్లేదు. "గంట కొట్టాలండి" అన్నాడు.

ఆ ఊరి చర్చి వీధిలో ఎవరు పోయినా, ప్రాణం పోయిన ఆ కాసేపట్లోనే గంట కొట్టాలి. ఒక దెబ్బ కొట్టి, అది పూర్తిగా ఆగాక ఇంకో దెబ్బ. ఆ గంట విన్నాకే చుట్టుపక్కల పొలాల్లో ఉన్నవాళ్ళు పని వదిలి వస్తారు. ఆ గంట లేకుండా ఏ మనిషినీ ఆ వీధివాళ్ళు మట్టిలో పెట్టలేదు. గంట మోగకూడదని రాసుకున్నప్పుడు మా ఎవ్వరికీ చావు గుర్తుకు రాలేదు.

గంట కొడితే అవతలివాళ్ళు మనవాళ్ళని పిలిచారనుకుంటారు. ఎదురుగా సగం మంది చేతుల్లో ఇంకా ఇనుముంది. కొట్టొద్దంటే మనవాళ్ళు ఆ క్షణమే వెనక్కి తిరుగుతారు, పెట్టినవి ఎత్తుకుని మరీ. ఈ సంగతి అప్పటికే వెనక వరసలో పాకిపోయింది. "మా ముసలమ్మకి గంట కొట్టడానిక్కూడా వాళ్ళ పర్మిషనా?" అని ఎవరో గట్టిగానే అన్నారు. మా ఎస్సై నా మొహం చూశాడు, నేను అవతలి తహసీల్దారు మొహం చూశాను.

నేనింకా ఏం చెయ్యాలా అని ఆలోచిస్తుండగానే మేస్త్రి గడ్డపారని ఇసుక మీద పెట్టాడు. సున్నం గీత దాటాడు. అన్ని రోజుల్లో ఆ గీత దాటిన మొదటి మనిషి అతనే. డ్రైవరు ముందుకి వెళ్ళి ఆగాడు.

"మా అమ్మ పోయింది. ఇప్పుడు గంట కొడతారు. అది చావు గంట. మీరు కంగారు పడమాకండి. అది చెప్దామనే వచ్చా."

డ్రైవరు బరిసె దించలేదు.

"నమ్మేదెట్ల?" అన్నాడు. "మీ గంట మోగిన దినమే మా తమ్ముని కన్ను పోయింది. ఇప్పుడు మా సగం మంది చేతులు ఖాళీ."

మేస్త్రి మొహం నల్లబడింది. పచ్చి పుండు మీద పొడిచినట్టున్న మాట. అతను చెయ్యెత్తినా నేను తప్పు పట్టేదాన్ని కాదు. కానీ అతను, "అయితే నువ్వే వెళ్ళి కొట్టు" అన్నాడు. "నువ్వు చూడు, నా మాట నిజమో కాదో. నువ్వొచ్చేదాకా నేను మీవాళ్ళ దగ్గర కూచుంటా."

నేను ఒప్పుకోకూడదు. రూలు ప్రకారం మనిషికి మనిషిని తాకట్టు పెట్టడానికి ఏ ప్రభుత్వ అధికారీ ఒప్పుకోకూడదు. అవతలి తహసీల్దారు నా దగ్గరికొచ్చి, "మేడం, మనల్ని అడిగిన్రా?" అని మెల్లగా అన్నాడు. ఎవరూ అడగలేదు. మేం నోరు మూసుకున్నాం. నా సర్వీసులో నేను తీసుకున్న మంచి నిర్ణయాల్లో అదొకటి.

డ్రైవరు బరిసె ఇసుక మీద పెట్టాడు. ఒంటరిగా, ఉత్త చేతుల్తో, తన తమ్ముడి కన్ను తీసిన ఊళ్ళోకి నడిచాడు. మా ఇన్‌స్పెక్టరు తోడు వెళ్తానంటే వద్దన్నాడు. మనవాళ్ళు దారిచ్చారు. మేస్త్రి వెళ్ళి అవతలివాళ్ళ మధ్య ఇసుకలో బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. వాళ్ళు చుట్టూ నిలబడ్డారు. ఇంట్లో తల్లి శవం ఉంది, కొడుకు శత్రువుల కాళ్ళ మధ్య కూర్చుని ఉన్నాడు. తిరిగి ఆమె మొహం చూస్తాడో లేదో ఆ డ్రైవరు చేతిలో ఉంది.

ఊరు గట్టు మీదే. చర్చి గోపురం కనిపిస్తూనే ఉంది. ఎండ చురుక్కుమంటోంది. ఎవరూ నీడకి పోలేదు.

గంట మోగింది. ఒక దెబ్బ. దాని వెంటే ఇంకోటి, ఇంకోటి. గబగబా.

వాగంతా ఒక్కసారి కదిలింది. అవతలివాళ్ళలో ఒకడు "మనోణ్ణి కొడుతున్రు" అన్నాడు. ఇద్దరు ముగ్గురు ఇనుము కుప్ప వైపు వంగారు. ఒకడి గొడ్డలి మేస్త్రి నెత్తి మీదికి లేచింది. మన వరస గీత దాకా వచ్చేసింది. అవతలి తహసీల్దారు, ఆ నెమ్మదైన మనిషి, చొక్కా నలిగిపోతున్నా చేతులు చాపి తనవాళ్ళకి అడ్డం పడ్డాడు. నేను ఇటు తిరిగి మనవాళ్ళకి అడ్డంగా నిలబడ్డాను. అంతలో మేస్త్రి గొంతు వినిపించింది. లేవలేదు, కనీసం తలెత్తలేదు.

"వాడికి కొట్టడం రాదు" అన్నాడు. "తాడు గట్టిగా లాగి వదిలేస్తే అట్టాగే మోగుద్ది. తాడు ఆపి పట్టుకోవాలి. ఎవరైనా చెప్తారు, ఉండండి."

గొడ్డలి గాలిలోనే ఉంది. గంట ఆగింది. ఆ ఆగడం ఎంతసేపో నేను చెప్పలేను. తర్వాత ఒక దెబ్బ మోగింది. అది వాగు మీదుగా సాగి సాగి పూర్తిగా అణిగిపోయింది. అప్పుడు ఇంకొకటి. మళ్ళీ నిశ్శబ్దం. మళ్ళీ ఒకటి. మేస్త్రి తలపాగా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు కదిలాయి. గొడ్డలి ఎత్తినవాడు దాన్ని మెల్లగా దించి, పక్కనే ఇసుక మీద పెట్టాడు. ఎవరూ చెప్పకుండానే అటువాళ్ళు ఒక్కొక్కరే తలల మీది తువాళ్ళు తీశారు.

తర్వాత తెలిసింది. తాడు చేతికి రాగానే డ్రైవరు లారీ హారను కొట్టినట్టు లాగాడట. పాస్టరు గారి భార్య పరిగెత్తుకొచ్చి, అతని చేతుల మీద తన చేతులు వేసి, "ఇట్టా నాయనా, ఇట్టా ఆపి పట్టుకో" అని నేర్పిందట. ఆమె పక్కకి తప్పుకున్నాక మిగిలిన దెబ్బలన్నీ అతనే కొట్టాడు. మధ్యలో ఆపి వచ్చేయొచ్చు, చూడాల్సింది చూశాడు కదా. పూర్తి చేసే వచ్చాడు.

వచ్చి మేస్త్రి ముందు నిలబడ్డాడు. "నిజమే" అని మాత్రం అన్నాడు. మేస్త్రి లేచాడు. మిగతా ఇనుమంతా చకచకా కిందికి దిగింది. రెండు కుప్పలూ ఒకే ట్రాక్టరు ట్రక్కులోకి ఎత్తించాం. పట్టా కప్పి, తాళ్ళు బిగించి, మా ఇద్దరి సీళ్ళూ వేసే వేళకి చర్చి వీధి నుంచి ఇద్దరు మగాళ్ళు వచ్చి మేస్త్రి చెవిలో ఏదో చెప్పారు. మేస్త్రి నా దగ్గరికొచ్చాడు. అడగలేక అడిగాడు.

"మేడమ్ గారూ, గుంట తవ్వాలండి. ఊళ్ళో ఒక్క పలుగు కూడా లేదు."

పిడి ఉన్న ఇనుము ఏదీ మిగలకూడదు. మిగల్లేదు. మా పై అధికారి మాట అక్షరాలా అమలైంది. మా ఎస్సై మెల్లగా అన్నాడు, "మేడమ్, ఒక పక్కకి తిరిగిస్తే ఒప్పందం చెడినట్టేగా? వాళ్ళు ఒప్పుకోవాలి." అతను చెప్పింది కరెక్టే. నేను అవతలివైపు చూశాను. నోరు తెరిచి అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

డ్రైవరు విన్నాడు. ఎవరినీ అడక్కుండా ట్రక్కు ఎక్కాడు, పట్టా కట్టిన తాడు విప్పాడు. ఇనుములో చెయ్యిపెట్టి వెతికి మేస్త్రి గడ్డపారే తీశాడు. పొద్దున్నుంచీ దాన్ని చూస్తూనే ఉన్నాడు కాబట్టి గుర్తుపట్టాడు. దాంతోపాటు ఒక పారా తీసి కిందికి దిగాడు.

మేస్త్రి రెండు చేతులూ చాపాడు. డ్రైవరు ఇవ్వలేదు.

మా ఎస్సైకి ఓపిక పోయింది. "ఇచ్చెయ్యవయ్యా, చేతికివ్వు, అవతల వాళ్ళకి ఆలస్యమవుతుంది" అన్నాడు.

"వద్దు సార్" అన్నాడు డ్రైవరు. వంగి, గడ్డపారనీ పారనీ మేస్త్రి కాళ్ళ ముందు ఇసుక మీద జాగ్రత్తగా పెట్టాడు. లేచి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఇనుము చేతికియ్యొద్దు. మళ్ళ మా ఇద్దరికి కొట్లాటయితది."